రాకెట్ల అణుబ్యాటరీ బిగించే సులువు పద్ధతి

తమ్మీ, ముందు సరుకు సంగతి. లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్ల యురేనియం ఉన్నదని ఎప్పటినుంచో చెప్తున్నరు గద. తట్టెడు రాళ్లు ఎత్తుకొచ్చి రాకెట్ నెత్తిన పెట్టు. చదువుకున్నోళ్లు వచ్చి ఆ రాయి చేతికి వెచ్చగ కూడ తగలదంటరు. కావాల్సింది ప్లుటోనియం-238, అది గుట్టల దొరకది, నెప్ట్యూనియంను రియాక్టర్ల పెట్టి చేయాలె అంటరు. చాయ్ పోసి పంపు.

ఇగ బిగింపు. బ్యాటరీని అన్నిటికంటె ముందే ఎక్కించు, పెద్దమనిషి గద. అమెరికావాళ్లది ఉల్టా పని. 2011ల మార్స్ మీదికి క్యూరియాసిటీ రోవర్‌ను పంపేటప్పుడు రాకెట్ మీద అన్నీ బిగించినంక, ఆఖరుకు, పై తొడుగుకున్న చిన్న తలుపుల నుంచి బ్యాటరీని లోపలికి తోసిండ్రు. దానికి స్విచ్ లేదట. 4.8 కిలోల ఇంధనం 2000 వాట్ల వేడిని రాత్రింబగళ్లు కక్కుతనే ఉంటది, అండ్ల కరెంటయ్యేది 110 వాట్లే. మిగిలిన వేడికి పక్కనున్న ట్యాంకులు, వైర్లు కాగుతయని గొట్టాలు పెట్టి చల్లబరుస్తరు. మనకు అవేం వద్దు. మహబూబ్‌నగర్ మే నెల ఎండల పనిచేసినోళ్లను పెట్టుకో.

ఇంధనం చుట్టూ పెట్టే ఇరిడియం తొడుగు, గ్రాఫైట్ డబ్బా ఉత్త బరువు. 1964 ఏప్రిల్‌ల ట్రాన్సిట్ ఉపగ్రహం కక్ష్యకు చేరలే, కిలో దాక ప్లుటోనియం పైన గాలిల్నే కాలింది, లోకమంత పంచుకున్నది. ఆ తర్వాత డబ్బాలు గట్టిగ చేసిండ్రు. 1968 మేల నింబస్ ఉపగ్రహాన్ని మోసే రాకెట్ దారి తప్పితే కింది నుంచే పేల్చేసిండ్రు. కాలిఫోర్నియా సముద్రంల పడ్డ అణుబ్యాటరీలు పగలలే. నెలలకొద్ది వెతికి తీసి, అదే ఇంధనాన్ని మళ్ల వాడిండ్రు. డబ్బా గట్టిగుంటే ఎంత చాకిరో చూసినవా? 1964ల వెతికేందుకు డబ్బానే మిగలలే.

మనోళ్లు మరీ పిసినారులు. చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌ల భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) చేసిన అణు హీటర్లు రెండు పెట్టిండ్రు, ఒక్కోటి ఒక్క వాట్. అవి లేని ల్యాండర్ 2023 సెప్టెంబర్‌ల చంద్రుని రాత్రికి పండుకొని మళ్ల లేవలే. లేవకుంటేంది, దిగిన ఫోటోలు వచ్చినయి గద.

ఆఖరుది చోటు. శ్రీహరికోట దాక లారీ కిరాయి దండుగ, దేవరకొండ గుట్ట మీదికెళ్లే వదులు. శ్రీహరికోటల అయితే తూర్పున బంగాళాఖాతం ఉన్నది, తునకలు పడ్డా నీళ్లల్లనే పడతయని అడ్డం మాట్లాడుతరు. మనకు తూర్పున నాగార్జునసాగర్ లేదా? అవీ నీళ్లే. ప్రజాభిప్రాయ సేకరణ మాత్రం పెట్టకు. 2003ల పెద్దగట్టు గనికి పెడితే జనం ఎట్ల తిరగబడ్డరో, 2019ల నల్లమల యురేనియం వద్దని అసెంబ్లీ ఎట్ల తీర్మానం చేసిందో ఎరుకే. సాగర్ నీళ్లు అక్కంపల్లి రిజర్వాయర్ మీదికెళ్లి హైదరాబాద్ నల్లాలకు పోతయి, అందుకని ప్రయోగం తేదీ ఎవ్వలకూ చెప్పకు.