మా రోజుల్లో రోటర్‌కి చెమ్మ తగలనిచ్చేవాళ్లం కాదు

మా రోజుల్లో ఓవర్‌హాల్‌కి జనరేటర్ రోటర్ బయటికి తీశామంటే, మళ్లీ లోపలికి వెళ్లేదాకా షిఫ్టుకొకడు కాపలా. చుట్టూ టార్పాలిన్, లోపల హీటర్లు. వానాకాలమైతే ఫోర్‌మన్ గారు రోటర్ కొసల్లోని రింగు తడిమి చూసుకున్నాకే భోజనానికి కదిలేవారు.

ఆ మధ్య ఒక ప్లాంటువాళ్లు పిలిస్తే వెళ్లాను. టర్బైన్ హాలు షట్టర్ బార్లా తీసి ఉంది. వాన జల్లు లోపలికి కొడుతోంది. రోటర్ మీద చిరిగిన పాలిథీన్ షీటు! ఇదేమిటయ్యా అంటే, ‘‘కొత్త రింగులు సార్, ఏం కాదు’’ అన్నాడు అక్కడి ఇంజనీరు కుర్రాడు. ఏ స్టీలు అని అడిగాను. రికార్డు వెతకాలన్నాడు.

రోటర్ రెండు కొసల్లో రాగి చుట్లు ఎగిరిపోకుండా పట్టి ఉంచేది ఈ రిటైనింగ్ రింగే. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే అక్కడ కిలో రాగి దాదాపు నాలుగు టన్నుల బలంతో బయటికి తన్నుతుంది. పైగా రింగుని వేడిచేసి బిగుతుగా ఎక్కిస్తారు కాబట్టి మెషీను ఆగి ఉన్నా దానికి విశ్రాంతి లేదు, లాగుడు ఉంటూనే ఉంటుంది. ఆ లాగుడికి చెమ్మ తోడైతే, స్టీలుకి చెమ్మకి లొంగే బలహీనత ఉంటే, సన్నటి పగులు పుట్టి లోలోపలికి పాకుతుంది. స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్ అంటే అదే. పైకి తుప్పు కూడా పెద్దగా కనపడదు. 1969లో ఇంగ్లండ్‌లోని హింక్లీ పాయింట్‌లో టర్బైన్ డిస్కు బద్దలైందీ ఈ జబ్బుతోనే.

పాత రింగుల్లో 18 శాతం మాంగనీసు, 5 శాతం క్రోమియం. చెమ్మకి అసలు ఆగని స్టీలు. 1980ల నుంచి రెండూ 18 శాతం ఉన్న స్టీలు వాడకంలోకి వచ్చింది. గొప్ప మార్పు, కాదనను. కానీ స్టీలు మారిందని శ్రద్ధ మానేయమని ఎవరు చెప్పారు?

చెమ్మ వానతోనే రానక్కర్లేదు. హైడ్రోజన్ కూలర్ ట్యూబు కారినా, సీల్ ఆయిల్‌లో నీళ్లు చేరినా జనరేటర్ లోపలి గ్యాసుకి తేమ పడుతుంది. మేం షిఫ్టు షిఫ్టుకీ డ్యూ పాయింట్ చేత్తో రాసేవాళ్లం. డ్రయ్యర్‌లో సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకి తిరిగితే ఆ పూటే దాని సంగతి చూసేవాళ్లం. ఇప్పుడు రీడింగ్ స్క్రీన్ మీదే వస్తుంది. అలారం మోగితే నొక్కేసి ఊరుకుంటున్నారు!

పరీక్షలూ అంతే. రింగు ఊడదీసి, లోపలి ముఖమంతా తుడిచి, ఎర్ర డై పూసి ఆగేవాళ్లం. డై తుడిచేసి తెల్ల డెవలపర్ కొట్టాక అందరి కళ్లూ అక్కడే. వెంట్రుక మందాన ఎర్రగీత తేలిందంటే ఆ రింగు మళ్లీ రోటర్ ఎక్కేది కాదు. ఇప్పుడు ‘‘ఔటేజ్ రోజులు లేవు’’ అంటారు.

బాబూ, మీ యూనిట్ 80లకి ముందుదైతే ముందా రికార్డు తీయండి. 18–5 రింగు అని తేలితే మార్చేదాకా మేనేజ్‌మెంటుని వదలకండి. అందాకా రోటర్‌ని పొడిగా ఉంచండి.