వారానికొకటి అంటే రోజుకొకటే

మెథోట్రెక్సేట్ మాత్రలతో ఇంటికొచ్చారా? శుభం. కీళ్ళవాతానికైనా సోరియాసిస్‌కైనా ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలని డాక్టరు చెప్పే ఉంటారు. మీరు బుర్ర ఉపయోగించాల్సింది ఇక్కడే. బీపీ బిళ్ళ రోజూ వేసుకుంటాం, షుగరు బిళ్ళ రోజూ వేసుకుంటాం. ఇదొక్కటీ ఏం పుణ్యం చేసుకుందని దీనికి ఆరు రోజులు సెలవు? రోజూ వేసుకుంటే ఏడు రెట్లు త్వరగా తగ్గుతుందన్న చిన్న లెక్క డాక్టరుగారికి తట్టలేదు, అంతే.

ఈ విషయంలో మెడికల్ షాపు కుర్రాడు మీ పక్షమే. ఏ స్ట్రిప్ చేతికొచ్చినా దానిమీద 1-0-0 అని పెన్నుతో గీకి ఇవ్వడం అతని అలవాటు. ‘బుధవారం మాత్రమే’ అని పూర్తిగా రాసిమ్మని అడిగి పాపం రద్దీవేళ అతన్ని ఇబ్బంది పెట్టకండి.

ఎన్ని మాత్రలో గుర్తుంచుకుంటే చాలు, మిల్లీగ్రాములు మనకెందుకు? పోయిన నెల 2.5 మిల్లీగ్రాములవి మూడు వేసుకున్నారు. ఈ నెల షాపులో 10 మిల్లీగ్రాములవి ఇచ్చారు. మూడంటే మూడే. ఏడున్నర పడాల్సిన చోట ముప్ఫై పడితే మందు గట్టిగా పనిచేస్తుంది కదా!

దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాసి ఉంటారు, వేరే రోజు వేసుకోమని. అదీ పసుపురంగు చిన్న మాత్రే, ఇదీ పసుపురంగు చిన్న మాత్రే. రెండూ ఒకే డబ్బాలో పోసెయ్యండి. ఎలాగూ రెండూ ఒక ఇంటివే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తుండగా ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిందీ ఆయన బృందమే, దాని వేషం కట్టే మందులను తయారుచేసిందీ ఆయన బృందమే. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. వేషగాణ్ణి చూసి అసలువాడే వచ్చాడనుకుని ఎంజైము పట్టుకుంటుంది. ఇక వదిలించుకోలేదు, కణం చీలదు. అలాంటి మందుల్లో అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకిచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి, కొన్నాళ్ళపాటైనా, జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అప్పటిదాకా ఆ పిల్లలకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ అమైనోప్టెరిన్‌కి తోబుట్టువు.

మనవాడి చేతిమీదుగా వచ్చిన మందు మనల్నేం చేస్తుంది చెప్పండి? సుబ్బారావుగారి గురించి వాట్సాప్‌లో నలుగురికీ పంపి గర్వపడండి. మాత్రలతోపాటు వచ్చిన కాగితం మాత్రం చదవకండి. త్వరత్వరగా చీలే కణం ఏదైనా ఈ మందుకు ఒకటేననీ, క్యాన్సర్ కణంతోపాటు ఎముక మజ్జనూ నోటి లోపలి పొరనూ పేగు పొరనూ కూడా పట్టుకుంటుందనీ అనవసరపు భయాలు పెడతారు.

రక్తపరీక్షలు మానెయ్యండి. కీళ్ళు నొప్పుల్లేకుండా ఆడుతుంటే తెల్లకణాలు ఎన్నుంటే ఏం, లివరు, కిడ్నీలు ఎలా ఉంటే ఏం? ఒంటికి తెలియనిది పరీక్షకు తెలుస్తుందన్న చాదస్తం ఎంత చేటో మిన్ చియు లీ కథ చెబుతుంది. 1950లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఆయన ఇదే మెథోట్రెక్సేట్‌ను, గర్భంలోని మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌కు ఇచ్చాడు. గడ్డలు కనిపించకుండా పోయాయి. అందరూ సంతోషించారు. ఈయన మాత్రం, ఆ కణాలు విడుదల చేసే హార్మోను ఇంకా పరీక్షలో కనబడుతోందని మందు ఇస్తూనే పోయాడు. పైవాళ్ళకు ఒళ్ళుమండి ఉద్యోగంలోంచి సాగనంపారు. గడ్డలు పోగానే మందు ఆపినవాళ్ళకు జబ్బు తిరగబెట్టిందనీ, ఆయన చేతిలో పూర్తిగా వాడినవాళ్ళు నిలబడ్డారనీ తర్వాత తేలిందనుకోండి. 1972లో లాస్కర్ పురస్కారం కూడా ఇచ్చారు. అయినా ఉద్యోగం పోయిన మాట నిజమే కదా.

మూత్రంలో మంటగా ఉందా? మళ్ళీ డాక్టరు దగ్గరికెందుకు, పక్కింటి పిన్నిగారి దగ్గర కోట్రైమాక్సజోల్ బిళ్ళలు మిగిలే ఉంటాయి. అదీ ఫోలిక్ యాసిడ్ దారికే అడ్డం పడుతుంది, పైగా మెథోట్రెక్సేట్‌ను కిడ్నీల్లోంచి సరిగా బయటికి పోనివ్వదు. రెండూ కలిస్తే మజ్జలో కణాలు తయారవడమే ఆగిపోవచ్చు. ఇంత దగ్గరి చుట్టాలను విడదీయడం మర్యాద కాదు.

బదులుగా మీ మాత్రలు పిన్నిగారి కోడలికివ్వండి, ఆ అమ్మాయికీ మోకాళ్ళ నొప్పులట. నెల తప్పిందేమోనని అడగడం మనకు బాగుండదు. కడుపులో బిడ్డకు ఈ మందు హాని చేస్తుందన్నది ఆ కాగితంలోనే ఉంటుంది, అది మనం చదవలేదు కదా.

రోజూ వేసుకోవడం మొదలుపెట్టిన కొద్దిరోజులకు నోరంతా పూసి నీళ్ళు కూడా మింగుడుపడకపోతే కంగారుపడకండి. వేడి చేసింది. మజ్జిగ తాగండి, సబ్జాగింజలు నానబెట్టండి. మాత్ర మాత్రం మానకండి. మందులతో ఇలాంటివి జరిగితే ఎవరైనా చెప్పుకోవచ్చని ప్రభుత్వం 1800-180-3024 అని నంబరొకటి పెట్టింది. అదీ ఉచితమట. ఉచితంగా వచ్చేదానికి విలువేముంటుంది?

జ్వరం కూడా వచ్చి ఆసుపత్రికి తీసుకెళితే, ఏ మందులు వాడుతున్నారని డ్యూటీ డాక్టరు అడుగుతారు. ‘ఏవో కీళ్ళ బిళ్ళలండీ’ అనండి. స్ట్రిప్ సంచిలోనే ఉండనివ్వండి. అది చూస్తే ల్యూకోవొరిన్ అనే విరుగుడు వెంటనే ఎక్కిస్తారు, ఎంత తొందరగా పడితే అంత బాగా పనిచేస్తుందట. అంత తొందరేముంది? ముందు టైఫాయిడ్ పరీక్ష చెయ్యనివ్వండి. రేపు డెంగీ చూస్తారు, ఎల్లుండి మలేరియా.