హోంవర్కు వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలము: "పిల్లల్ని కనేవి జంతువులు, గుడ్లు పెట్టేవి పక్షులు, నీళ్లలో ఉండేవి చేపలు. ఇంకేం లేదు, త్వరగా రాసి పడుకో."

అవతారిక: కుక్కరు మూడో విజిల్ వేసే వేళ, మూడో తరగతి చదివే పుత్రుణ్ణి ఉద్దేశించి తల్లి వంటింట్లోంచి సెలవిచ్చిన వాక్యమిది. రసం పైకి శాంతం, లోపల రౌద్రం.

ప్రతిపదార్థము: పిల్లల్ని కనేవి = ఆవు, కుక్క, పిల్లి మున్నగునవి; జంతువులు = క్షీరదాలు (ఈగ కూడా జంతువేనని సైన్సు టీచరు మతం); ఇంకేం లేదు = ఇంకా చాలా ఉంది; త్వరగా = నాకు ఓపిక ఉండగానే; పడుకో = నన్ను పడుకోనివ్వు.

విశేషములు: ఒక వస్తువుకి లక్షణం చెప్పేటప్పుడు దొర్లే దోషాలు మూడు. మన అన్నంభట్టు పిల్లల కోసం తర్కసంగ్రహం రాసి, దానికి తానే దీపిక వెలిగించి, ఈ మూడింటికీ ఆవునే సాక్షిగా నిలబెట్టాడు. ఆవంటే కపిల వర్ణం గలది అంటే తెల్లావు బయట నిలబడుతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా లోపలికొస్తుంది, అది అతివ్యాప్తి. గిట్ట చీలనిది అంటే ఒక్క ఆవూ మిగలదు, అది అసంభవం.

ఇప్పుడు మూలం చూడండి. "పిల్లల్ని కనేవి" అన్నారు. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. దాన్ని ఆవు పక్కన కట్టేద్దామా? అతివ్యాప్తి. ఆస్ట్రేలియాలో ప్లాటిపస్ గుడ్లు పెట్టి, పొదిగి, పుట్టిన పిల్లలకు పాలిస్తుంది. అవ్యాప్తి. గుడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు, బల్లీ పెడుతుంది, కప్పా పెడుతుంది, చీమా పెడుతుంది. అసంభవ దోషం మాత్రం లేదు. అమ్మ అంతదాకా పోలేదు.

ఇక "నీళ్లలో ఉండేవి చేపలు" అన్నందుకు, తిమింగలం విషయంలో అమ్మను తప్పుపట్టేవారు కాస్త ఆగాలి. ప్రాణులన్నిటినీ వర్గాలుగా పంచిన లిన్నేయస్ అంతటివాడు 1735లో దాన్ని చేపల్లోనే రాసి, 1758 నాటి పదో కూర్పులో గాని క్షీరదాల్లోకి మార్చలేదు. అదే కూర్పులో గబ్బిలాన్ని తెచ్చి మనిషి, కోతుల పంక్తిలో కూర్చోబెట్టాడు.

పూర్వపక్షము: "మరి గబ్బిలం ఎందులో రాయాలమ్మా?" అని కుమారుడు.
"ఎగురుతుంది కదరా, పక్షుల్లో రాయి."
"దానికి ఈకలు లేవుగా!"

ఈ చోట వ్యాఖ్యాత కలం పక్కన పెట్టి కుర్రవాడికి నమస్కరించాడు. ఈనాడు బతికున్న ప్రాణుల్లో ఈక లేని పక్షి లేదు, పక్షి కాని దానికి ఈక లేదు. అన్నంభట్టు వచ్చినా వంక పెట్టలేడు. పుస్తకాలేమో పట్టిక ముందిచ్చి, ఈకను ఆఖరి పాఠంలో చూపిస్తాయి. నా మతంలో ఇది తలకిందుల బోధ. బాల్కనీలో పావురం ఈక ఊరికే దొరుకుతుంది. వేలితో కొసనుంచి మొదలుకి దువ్వితే పోగులు విడిపోతాయి, మళ్లీ కొసవైపు దువ్వితే పక్కపక్కనే అతుక్కుపోతాయి. రెండు నిమిషాలు దీంతో ఆడుకున్న పిల్లవాడు గబ్బిలం రెక్కను ఈ జన్మలో పక్షికి తగిలించడు. అది సాగిన వేళ్ల మధ్య పరిచిన చర్మమని బొమ్మలో చూపిస్తే చాలు.

సిద్ధాంతము: పాలిచ్చేవి క్షీరదాలు. "పావురం కూడా పాలు పడుతుందట!" అని అక్క ఆక్షేపణ. నిజమే, ఆడదీ మగదీ కూడా పడతాయి. కాని అది గొంతు కింది సంచి గోడల నుంచి ఊడిన కణాల ముద్ద. క్షీరగ్రంథి లేదు కనుక పావురం పక్షుల్లోనే క్షేమం.

మతాంతరము: అమరకోశంలో ఏనుగు, గుర్రం క్షత్రియ వర్గంలో, ఆవు వైశ్య వర్గంలో, కుక్క శూద్ర వర్గంలో, కప్ప చేపతో కలిసి వారివర్గంలో ఉంటాయి. ఎవరి ఇంట ఉంటుంది, ఎక్కడ ఉంటుంది అన్నది అమరసింహుడి ప్రశ్న. ఒళ్లెలా ఉంది అన్నది లిన్నేయస్ ప్రశ్న. ఏ ప్రశ్న అడిగి హోంవర్కు పట్టికలో ఈ గడులు గీశారో పిల్లవాడికి ఎవరూ చెప్పకపోవడం వల్లనే రాత్రిపూట ఇంత రౌద్రం.

తాత్పర్యము: గబ్బిలాన్ని క్షీరదాల గడిలో రాయవలెను.

పాఠాంతరము: "త్వరగా రాసి పడుకో" అన్నచోట "గూగుల్‌లో చూసుకో" అని నాన్నగారి శాఖవారి పాఠం. ఫోను చేతికివ్వకుండా చెప్పారు కనుక అగ్రాహ్యం.