పేజీ అడుగున జాగా

1861 ఏప్రిల్ 7, ఆదివారం. ఇంగ్లండులో జనాభా లెక్కల రాత్రి. ఎవరు ఏ ఇంట్లో పడుకుంటే ఆ ఇంటి కిందే వాళ్ళ పేరు ఎక్కాలి. లండన్‌లో 12, హార్లీ స్ట్రీట్‌లో అద్దెకున్న ఒక కుటుంబం ముగ్గురిని రాయించింది. ఇంటాయన బారిస్టరు, పెళ్ళయినవాడు. భార్య పేరు కెరొలైన్. పదహారేళ్ళ పనిపిల్ల, పేరు హారియట్ మాంటేగ్.

ఆయనకు పెళ్ళి కాలేదు. కెరొలైన్ ఆయన భార్య కాదు. హారియట్‌కు పదహారు లేవు, పదేళ్ళే. ఆ పిల్ల పనిపిల్లా కాదు, ఇంటిపేరు మాంటేగూ కాదు. కెరొలైన్ కన్నకూతురు.

విక్టోరియా రాణి కాలపు వంశవృక్షాన్ని కట్టబోయేవాళ్ళకు మొదట కొండంత ధైర్యం కలుగుతుంది. 1837 జులై నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు సర్కారు రిజిస్టర్లలోకి ఎక్కాయి. 1851 నుంచి జనాభా లెక్కల్లో ఎవరు ఇంటిపెద్దకు ఏమవుతారో కూడా రాశారు. ఇన్ని కాగితాలుండగా జాడ ఎక్కడికి పోతుంది అనిపిస్తుంది. కానీ ఆ గడుల్లోకి ఎక్కింది జనం చెప్పిన మాట. రుజువు అడిగిన నాథుడు లేడు. పెళ్ళి రిజిస్టరులో వధూవరుల తండ్రుల పేర్లకు, వాళ్ళ వృత్తులకు చోటుంది. తల్లి పేరుకు లేదు. ఆ చోటు 2021లో గానీ రాలేదు! ఆడవాళ్ళ జాడ అంత తేలిగ్గా చెరిగిపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

కెరొలైన్ సంగతే చూడండి. 1850లో బాత్ పట్నంలో పెళ్ళి చేసుకున్నప్పుడు ఆవిడ ఎలిజబెత్ కాంప్టన్, వడ్రంగి కూతురు. మొగుడు జార్జ్ గ్రేవ్స్ రెండేళ్ళు తిరక్కుండానే క్షయతో పోయాడు. చంటిపిల్లతో మిగిలిన ఆ ఎలిజబెత్ కొన్నాళ్ళకు కెరొలైన్ అయింది. ఎందుకు మార్చుకుందో ఏ రిజిస్టరూ చెప్పదు. ఒంటరి ఆడదానికి కొత్త పేరు ఎంత అవసరమో మనం ఊహించుకోవలసిందే.

1868 అక్టోబరు 29న మేరిల్‌బోన్ పేరిష్ చర్చిలో ఆవిడకు మళ్ళీ పెళ్ళి. వరుడు హార్లీ స్ట్రీట్ ఇంటాయన కాదు. జోసెఫ్ క్లో అని, ఆవిడకంటే చిన్నవాడు. ఈసారి తండ్రి గడిలో వడ్రంగి లేడు, కోర్ట్‌నే అనే పెద్దమనిషి ఉన్నాడు. సాక్షి సంతకాలు రెండు. ఒకటి కూతురు హారియట్‌ది, రెండోది ఫ్రాంక్ బియర్డ్ అనే డాక్టరుది. ఆ డాక్టరు మన ఇంటాయనకు వైద్యం చేసే స్నేహితుడు. ఇంటాయన కూడా ఆ పెళ్ళికి హాజరయ్యాడు. లెక్కల ప్రకారం మొగుడైనవాడు పెళ్ళామైనావిడ పెళ్ళి దగ్గరుండి చూశాడన్నమాట.

1871 లెక్కలు తీస్తే కెరొలైన్ గ్లాస్టర్ ప్లేస్‌లో, మళ్ళీ ఆయన ఇంట్లోనే ఉంది. క్లో బతికే ఉన్నాడు, అయినా పేరు మళ్ళీ గ్రేవ్స్, పైగా విధవ. పదేళ్ళ కిందట భార్య అని రాయించిన మనిషిని ఇప్పుడు ఇల్లు చూసుకునే జీతగత్తెగా రాయించారు.

చిక్కు ఇక్కడితో అయిపోలేదు. 1869 జులై 4న బోల్సోవర్ స్ట్రీట్‌లో మిసెస్ డాసన్ అనే ఆవిడకు ఆడపిల్ల పుట్టింది. పేరు మేరియన్. తర్వాత మరో ఆడపిల్ల, ఆపైన మగపిల్లాడు. ముగ్గురూ డాసన్‌లే. తండ్రి విలియం డాసన్, బారిస్టరు. కానీ ఆ దంపతుల పెళ్ళి ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ తల్లి అసలు పేరు మార్తా రడ్. నార్ఫోక్‌లో వింటర్టన్ అనే సముద్రపు ఒడ్డు పల్లెలో గొర్రెలకాపరి కూతురు. పదహారేళ్ళకే యార్మత్ దగ్గర ఒక సత్రంలో పనికి కుదిరింది. ఆమె బిడ్డ పుట్టిన తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టండి. మేరిల్‌బోన్ పెళ్ళికి ఎనిమిది నెలల పైచిలుకు, అంటే ఆ పెళ్ళినాటికే మార్తా కడుపుతో ఉండి ఉంటుంది. ఆ డాసనూ మన ఇంటాయనా ఒక్కరే!

గాలి మార్పుకు ఆయన రామ్స్‌గేట్ వెళ్ళేవాడు. రేవుకు ఒక పక్క నెల్సన్ క్రెసెంట్‌లో కెరొలైన్‌తో, రెండో పక్క వెల్లింగ్టన్ క్రెసెంట్‌లో మార్తాతో బస. మార్తా పిల్లలు గ్లాస్టర్ ప్లేస్ ఇంటికి వచ్చి ఆడుకునేవారు. మార్తా ఆ గడప తొక్కింది లేదు.

ఇన్ని కాగితాల్లోనూ నిజం రాసింది ఒక్క వీలునామానే. అందులో డాసన్ పిల్లలు ముగ్గురూ తన పిల్లలేనని ఒప్పుకున్నాడు, ఆస్తి మీద రాబడిని రెండు కుటుంబాలకూ సమానంగా పంచాడు. 1889లో పోయాడు. 1895లో కెరొలైన్ పోతే, కెన్సల్ గ్రీన్‌లో ఆయన సమాధిలోనే పెట్టారు. ఆ తర్వాత, లండన్ విడిచి వెళ్ళేదాకా, ఆ సమాధి బాగోగులు చూసింది మార్తా.

సమాధి రాయి మీద ఏం చెక్కాలో కూడా ఆయనే చెప్పి పోయాడు. ఎవరి భర్తో, ఎవరి తండ్రో అందులో లేదు. పేరు విల్కీ కాలిన్స్, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ‘ద వుమన్ ఇన్ వైట్’ తదితర కల్పనల రచయిత. అంతే.

1860లో ఆ నవల కోసం లండన్ ఊగిపోయింది. అందులో సర్ పెర్సివల్ గ్లైడ్ అనే జమీందారు గుట్టు ఒకటే. అతని తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదు. ఆ సంగతి బయటపడితే బిరుదూ ఆస్తీ రెండూ పోతాయి. అందుకని ఒక పల్లెటూరి చర్చి రిజిస్టరులో, పేజీ అడుగున మిగిలిన కాస్త జాగాలో, వాళ్ళ పెళ్ళిని ఇరికించి రాస్తాడు. ఇంకో ఊళ్ళో భద్రంగా ఉన్న నకలులో ఆ చోటు ఖాళీగా ఉండటంతో పట్టుబడతాడు. సాక్ష్యాన్ని నాశనం చేద్దామని రాత్రివేళ చర్చిలో దూరితే నిప్పంటుకుంటుంది, తాళం బిగుసుకుపోతుంది. ఒక్క దొంగ రాతకు కాలిన్స్ అతన్ని నిలువునా కాల్చేశాడు.

ఆ దుర్మార్గుణ్ణి ఎదిరించి నిలబడే ధీర మేరియన్ హాల్కోంబ్. మార్తాకు పుట్టిన తన మొదటి కూతురికి కాలిన్స్ ఆ పేరిచ్చాడు, ఇంటిపేరు ఇవ్వలేదు.