అడ్మిన్ గారి రహస్యం

ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. పక్కింటి పిల్లాడికి, పేపరబ్బాయికి, నిరుడు సంక్రాంతికి వచ్చిన తోడల్లుడికి కూడా.

ఆ పాస్‌వర్డ్ మార్చాలంటే కావాల్సిన రౌటర్ లాగిన్ మాత్రం ఇంటి యజమానికే తెలియదు. అదొకటి వేరే ఉంటుందని కూడా ఆయనకు తెలియదు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడికి తెలుసు. ఆ కుర్రాడు కంపెనీ మారాడు.

భయం లేదు, వివరాలు రౌటర్ అడుగున స్టిక్కర్ మీదే ఉంటాయి. రౌటరేమో అటక కింద మేకుకు వేలాడుతోంది, స్టిక్కరు గోడవైపు. ఆయన స్టూలెక్కాడు. ఆవిడ స్టూలు పట్టుకుంది. టార్చి వేసి, ఫొటో తీసి, జూమ్ చేస్తే ఆ పరమ రహస్యం బయటపడింది.

చిరునామా: 192.168.1.1
యూజర్‌నేమ్: అడ్మిన్
పాస్‌వర్డ్: అడ్మిన్

దొంగకు ఈ పాట్లు లేవు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఓ 60 పైచిలుకు జేబులో వేసుకుని ఊరూరా రౌటర్లు, కెమెరాల తలుపులు తట్టింది. లక్షల్లో తెరుచుకున్నాయి. స్టూలు ఎక్కకుండానే!

బ్రిటన్‌కు ఒళ్లుమండి, 2024 ఏప్రిల్ నుంచి అలాంటి పాస్‌వర్డ్‌లతో సరుకు అమ్మడమే చట్టవిరుద్ధమంది.

మనాయన దగ్గర అంతకంటే పదునైన ఆయుధం ఉంది: పిన్నీసు. రౌటర్ వెనక బెజ్జంలో గుచ్చి కాసేపు నొక్కితే పాత సెట్టింగులన్నీ మాయం. నెట్ కూడా.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మర్యాదగా చెప్పారు: “మీ ఫిర్యాదు ఆన్‌లైన్‌లో నమోదు చేయండి సార్.”