ఇంకో ట్రిప్పు పోతాది

బేతంచెర్లలో పాలిష్ బండలు ఎక్కించే చోట, ఎర్రగుంట్లలో సిమెంటు లోడు కోసం ఆగిన వరసలో, కర్నూలు ఊరి బయట రేకుల షెడ్డులో, ఈయన మీకు ఎక్కడైనా తగులుతాడు. ఒకే ఒక్క లారీకి ఓనరు, అందరికీ అన్న. తెల్లచొక్కా జేబులో చిన్న డైరీ. అందులో డీజిలు లెక్క, టోలు లెక్క, డ్రైవరు బత్తా లెక్క. రిపేర్ల పేజీ మాత్రం తెల్లగా ఉంటుంది. మేస్త్రీ బండి కిందనుంచి తల బయటపెట్టి ఏం చెప్పబోయినా ఈయన దగ్గర జవాబు సిద్ధం: "ఇంకో ట్రిప్పు పోతాదిలే భాయ్."

పిసినారి అంటే పాపం తగులుతుంది. అమావాస్య వస్తే బండికి గుమ్మడికాయ కొట్టిస్తాడు. నిమ్మకాయలు వాడిపోనివ్వడు. హారన్లే మూడు రకాలవి పెట్టించాడు. కంటికి కనిపించేదానికి, చెవికి వినిపించేదానికి ఏనాడూ వెనుకాడలేదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ దాక్కుని, పని చేస్తోందో లేదో కూడా తెలియనివ్వని క్లచ్ ప్లేటు మీదే ఆయనకు అనుమానం. 2022 ఏప్రిల్‌లో బేతంచెర్ల కర్నూలు జిల్లాలోంచి నంద్యాల జిల్లాలోకి మారింది. అన్న లారీలో క్లచ్ ప్లేటు మారలేదు.

లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారిపోతుంటే ఒకసారి గేర్‌బాక్సు దించక తప్పలేదు. మేస్త్రీ పాత ప్లేటును గోనెసంచి మీద పడేశాడు. లైనింగు అరిగి నల్లబడింది, రివెట్ల తలలు మెరుస్తున్నాయి. నడుమ హబ్బు చుట్టూ ఆరు కిటికీలు, కిటికీకొక లావుపాటి పొట్టి స్ప్రింగు. రెండు విరిగాయి. అన్న చూపుడువేలితో ఒకదాన్ని కదిలించి చూశాడు.

"ఇవేం పని చేస్తాయి భాయ్?"

మేస్త్రీ ఓపికమంతుడు. ఇంజను మనం అనుకున్నంత నున్నగా తిరగదన్నాడు. ఆరు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ఒక్క చుట్టు తిరిగేలోపు మూడు సిలిండర్లు మండుతాయి. బండి నిలబడి నిమిషానికి 600 చుట్లతో గుడుగుడుమంటున్నప్పుడు కూడా సెకనుకు 30 తోపులన్నమాట. తోపుకూ తోపుకూ మధ్య క్రాంకు కాస్త మందగించి మళ్లీ ముందుకు ఉరుకుతుంది. ఫ్లైవీలు తన బరువుతో కొంత సర్దుతుంది. మిగిలిన అదురు గేర్ల పళ్ల మీదికి పోకుండా పట్టుకునేవి ఈ స్ప్రింగులు. లైనింగున్న రేకు వేరు, హబ్బు వేరు. రెండింటికీ నడుమ కొన్ని డిగ్రీలు మెలితిరిగే సందు ఉంది. ఉత్త స్ప్రింగే అయితే తిన్న దెబ్బను మళ్లీ తిప్పికొడుతుంది గనుక, పక్కన ఒరుసుకునే వాషర్లు కూడా పెట్టారు. ఊపును వేడిగా మార్చి పారేసేవి అవి. అప్పు వసూలుకు ఉరుముకుంటూ వచ్చినవాణ్ణి అరుగు మీదే కూర్చోబెట్టి, మజ్జిగ పోసి, కోపం దిగాక లోపలికి పంపే పెద్దమ్మ పనే ఇది.

అప్పులవాళ్ల సంగతి బాగా తెలిసినవాడు కాబట్టి అన్నకు వెంటనే అర్థమైంది. అర్థం కావడం వేరు, జేబులో చెయ్యి పెట్టడం వేరు.

"కదుల్తాండాయి, అదే గదా బాధ? నాలుగు చుక్కలు వెల్డింగు పెడితే సరిపాయ!"

కదలడానికే పెట్టారన్నా అని మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. షెడ్డులో పాలిటెక్నిక్ చదివిన కుర్రాడొకడు ఉన్నాడు, వాడూ సాయానికొచ్చాడు. 1910 ప్రాంతంలోనే ఇంగ్లండులో లాంచెస్టరనే ఇంజనీరు క్రాంకు మెలి అదురును అణచడానికి డాంపరు తయారుచేశాడని చెప్పాడు. "ఆయప్ప సొంత డబ్బుతోనే చేసినాడా?" అన్నాడు అన్న. కుర్రాడు ఊరుకోలేదు. జర్మనీలో లూక్ కంపెనీ 1985 నుంచి కార్లకు ఫ్లైవీలునే రెండు చక్రాలుగా చేసి, నడుమ స్ప్రింగులు పెట్టి అమ్ముతోందన్నాడు. అన్న కళ్లు మెరిశాయి. "ఒక బండికి రెండు ఫ్లైవీళ్లా! ఒకటి అమ్ముకుంటే ఎంతొస్తాది?"

చివరికి బేరం లైనింగు దగ్గర తెగింది. కొత్త లైనింగు కొట్టించి, విరిగిన స్ప్రింగులతోనే ప్లేటును మళ్లీ ఎక్కించారు. న్యూట్రల్‌లో నిలబెడితే గేర్‌బాక్సు గలగలమంటోంది. పెడలు తొక్కితే ఆ శబ్దం ఆగిపోతోంది, తొక్కినంతసేపు గేర్‌బాక్సుకు ఇంజనుతో పొత్తు తెగుతుంది కాబట్టి. అన్న దీన్ని వైద్యంగా తీసుకున్నాడు. "బండి నిలబడినప్పుడల్లా కాలు క్లచ్ మీదే పెట్టుకో" అని డ్రైవరుకు హుకుం. టోలుగేట్ల దగ్గర, లోడింగు దగ్గర డ్రైవరు అలాగే తొక్కిపట్టాడు. రెండు నెలల్లో రిలీజు బేరింగు అరిచింది. "చూసినావా, ఒకటి బాగుచేస్తే ఇంకోటి పోతాది. అందుకే నేను ముట్టుకోను" అన్నాడు అన్న. ఆయన తర్కంలో ఎక్కడా సందు ఉండదు, సందు ఉన్నదల్లా బండి కింద ప్రొపెల్లర్ షాఫ్టులోనే.

షాఫ్టు కథ ఇంకా రుచిగా ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు కొసల్లోనూ క్రాసులుంటాయి. షాఫ్టు వంపుగా తిరిగేటప్పుడు ఒక్క క్రాసు వేగాన్ని చుట్టుకు రెండుసార్లు ఎక్కువతక్కువ చేస్తుంది. రెండో క్రాసు ఆ తేడాను తుడిచేస్తుంది, కానీ క్రాసులను పట్టుకునే రెండు యోకులూ ఒకే వరసలో ఉన్నప్పుడే. అందుకే జారే జాయింటు మీద బాణం గుర్తులుంటాయి. కూలి మిగులుతుందని అన్న షాఫ్టు విప్పి బిగించే పని క్లీనరుతో చేయించాడు. బాణాల మీద గ్రీజు పేరుకుపోయి ఉంది, క్లీనరు తుడవలేదు. ఆనాటినుంచి బండి స్పీడందుకుంటే క్యాబిన్‌లో వెంకటేశ్వరస్వామి పటం కూడా వణికేది. అన్న టేపురికార్డరు సౌండు పెంచమన్నాడు.

చివరికి కడప దాటి రాయచోటి దారిలో, గువ్వలచెరువు ఘాటులో తేలింది లెక్క. బండల లోడు, ఏటవాలు, ముందు బస్సు ఆగడంతో ఆగాల్సొచ్చింది. మొదటి గేరు ఇంజను మెలి బలాన్ని ఆరేడు రెట్లు చేసి షాఫ్టుకిస్తుంది. డ్రైవరు క్లచ్ టక్కున వదిలాడు. దెబ్బను అరుగు మీద ఆపాల్సిన స్ప్రింగులు ఆ పని మానేసి ఎన్నాళ్లో అయింది. వెనక క్రాసు విరిగి షాఫ్టు రోడ్డు మీద పడింది. క్లీనరు చక్రాల కింద రాళ్లు పెట్టాడు, డ్రైవరు ఓనరుకు ఫోను చేశాడు.

అన్న అడిగింది ఒకటే: "బండలు పగల్లేదు గదా?"

ఆయన బస్సెక్కి వచ్చేసరికి సాయంత్రమైంది. ఎదురుచూస్తూ డ్రైవరు, క్లీనరు తిన్న గువ్వలచెరువు పాలకోవా ఖర్చు డైరీలోకి ఎక్కింది. షాఫ్టు కట్టించుకుని బండి షెడ్డుకు చేరాక కొత్త క్రాసు, కొత్త బేరింగు, చిట్టచివరికి కొత్త క్లచ్ ప్లేటు. మేస్త్రీ అట్టపెట్టె విప్పి ప్లేటు బయటికి తీశాడు. అన్న దాన్ని వెలుతురుకు పెట్టి, వేలితో తాకుతూ స్ప్రింగులు లెక్కపెట్టాడు. మరోసారి లెక్కపెట్టాడు.

"భాయ్, పాతదాంట్లో ఆరే గదా ఉండేది. దీంట్లో ఎనిమిదుండాయి. రెండు పీకి పక్కన పెట్టు, స్పేరుగా ఉంటాయి."