సొమ్మొకరిది, తాళమొకరిది

ప్రభుత్వ నిధులతో జరిగిన శాస్త్ర పరిశోధన ప్రజల కంట పడకుండా కాపాడే ఏర్పాటు చాలా పకడ్బందీ అయినది. అది ఇలా నడుస్తుంది. జనం పన్ను కడతారు. ఆ డబ్బుతో ప్రభుత్వం ప్రయోగశాల కట్టి శాస్త్రవేత్తకు జీతమిస్తుంది. ఆయన ఏళ్ల తరబడి శ్రమించి తేల్చిన విషయాన్ని పేపర్‌గా రాసి, పైసా అడక్కుండా జర్నల్‌కు పంపుతాడు. అందులో తప్పొప్పులు చూసేది ఇంకో విశ్వవిద్యాలయంలో జీతం తీసుకునే శాస్త్రవేత్తలు. ఆ పనికి సాధారణంగా వాళ్లకూ ఏమీ ముట్టదు. చివరికి కాపీరైట్ ప్రచురణ సంస్థ పేర రాసివ్వాలి. ఆ సంస్థ అదే పేపర్‌ను తిరిగి విశ్వవిద్యాలయాల లైబ్రరీలకు చందా మీద అమ్ముతుంది. ఆ చందా కూడా చాలావరకు పన్ను డబ్బే. ఒకే సరుకుకు మూడుసార్లు చెల్లించే ఈ తీరు చూసి 2005లో డాయిష్ బ్యాంక్ విశ్లేషకులు విస్తుపోయారు. బ్యాంకు వాళ్లనే విస్తుపోయేలా చేయడం చిన్న ఘనత కాదు.

మొదట్లో జర్నళ్ల ఉద్దేశం ఇది కాదు. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ మొదలుపెట్టిన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ ఒకరు కనిపెట్టింది పదిమందికీ తెలియడానికి పుట్టింది. ఆ అమాయకత్వం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వదిలింది. ప్రభుత్వాలు సైన్సు మీద విరివిగా ఖర్చు పెడుతున్నాయనీ, జర్నల్ ధర ఎంత పెంచినా లైబ్రరీ మారుమాట్లాడకుండా కొంటుందనీ బ్రిటిష్ ప్రచురణకర్త రాబర్ట్ మాక్స్‌వెల్ ముందుగానే పసిగట్టాడు. ఆయన పెంచిన పెర్గమన్ ప్రెస్‌ను 1991లో డచ్ ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ 44 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. ఎల్సెవియర్ మాతృసంస్థ రెలెక్స్ లెక్కల్లో 2023లో శాస్త్ర, వైద్య ప్రచురణల విభాగం ఆదాయం సుమారు 306 కోట్ల పౌండ్లు. అందులో ప్రతి వంద పౌండ్లకూ నిర్వహణ లాభం 38 పౌండ్ల దాకా ఉంది. ముడిసరుకు ఉచితం, నాణ్యత తనిఖీ ఉచితం, కొనేవాడికి వేరే అంగడి లేదు. ఇంత అనుకూలత ఉండి కూడా 38 దగ్గరే ఆగారంటే వారి నిగ్రహాన్ని మెచ్చుకోవాలి.

అంగబలం, అర్థబలంతో పాటు ఈ ఏర్పాటుకు సిద్ధాంతబలమూ ఉంది. మొదటి సిద్ధాంతం: జనానికి చదువు ఒంటికి పడదు. 2004లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు ఒక పెద్ద ప్రచురణ సంస్థ అధికారి దీన్ని ప్రతిపాదించాడు. అందరూ అన్నీ చదివితే గందరగోళమేనని ఆయన వాదన. రోగులు వైద్య పత్రాలు చదివేసి, నేరుగా ఆసుపత్రికొచ్చి ప్రశ్నలు వేస్తారట. రోగి ప్రశ్నించడమనే ఆ మహోపద్రవం నుంచి వైద్యరంగాన్ని రక్షిస్తున్నది చందా రేటే అన్నమాట.

రెండో సిద్ధాంతం మరింత లోతైనది. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ తన డబ్బుతో జరిగిన పరిశోధనలను పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో అందరికీ ఉంచాలన్నప్పుడు, ప్రచురణకర్తలు ఎరిక్ డెజెన్‌హాల్ అనే ప్రచార నిపుణుడి సలహా తీసుకున్నారు. లెక్కల మోసాలతో కూలిపోయిన ఎన్‌రాన్ సంస్థ మాజీ అధిపతి జెఫ్రీ స్కిల్లింగ్ తరఫున పనిచేసిన అనుభవం ఆయనది. ప్రజలకు అందుబాటు అంటే ప్రభుత్వ సెన్సార్‌షిప్ అని ప్రచారం చేయమన్నది ఆయన సూచనల్లో ఒకటి. అందరూ చదవగలిగితే సెన్సార్, ఎవరూ చదవలేకపోతే స్వేచ్ఛ. 2007 జనవరిలో ‘నేచర్’ ఈ సంగతి బయటపెట్టింది. అదే ఏడాది చివర్లో అమెరికన్ కాంగ్రెస్ ఎన్‌ఐహెచ్ నిబంధనను తప్పనిసరి చేసింది, కాకపోతే పేపర్ అచ్చయిన 12 నెలల లోపు బయటపెడితే చాలంది. ఆవకాయకైనా మూడు రోజులు ఊరితే సరిపోతుంది; క్యాన్సర్ పరిశోధనకు మాత్రం ఏడాది పట్టింది. ఆ గడువును పూర్తిగా ఎత్తేసింది 2025 జులైలో.

ఈలోగా ఒక చట్ట ప్రయత్నమూ జరిగింది. తమ నిధులతో జరిగిన పరిశోధనను అందరికీ ఇమ్మని ప్రభుత్వ సంస్థలు అడగడమే కుదరదంటూ 2011 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్‌లో రీసెర్చ్ వర్క్స్ బిల్లు వచ్చింది. డబ్బిచ్చినవాడు ఫలితం అడగడం అమర్యాద అని శాసనంగా రాయబోయిన అరుదైన సందర్భమిది. గణితవేత్త టిమొతీ గవర్స్ పిలుపుతో వేలమంది శాస్త్రవేత్తలు, బిల్లును సమర్థించిన ఎల్సెవియర్ జర్నళ్లకు రాయబోమని, సమీక్షించబోమని సంతకాలు చేశారు. 2012 ఫిబ్రవరిలో ఆ సంస్థ బిల్లుకు మద్దతు మానుకుంది. బిల్లూ అటకెక్కింది.

మూడో సిద్ధాంతం: చదవాల్సినవాళ్లకు ఇప్పటికే అందుతోంది. దీన్ని పరీక్షించే అవకాశం లైబీరియాకు దక్కింది. ఆ దేశంలో సేకరించిన రక్త నమూనాల్లో ఎబోలా జాడలున్నాయని, ఆరోగ్య సిబ్బంది జాగ్రత్తపడాలని జర్మన్ పరిశోధకులు 1982లోనే యూరప్ జర్నల్‌లో రాశారు. 2014లో ఎబోలా విరుచుకుపడి ఒక్క లైబీరియాలోనే 4,800 మందికి పైగా చనిపోయారు. అక్కడి ఆరోగ్య అధికారులకు ఆ పేపర్ సంగతి తర్వాత గానీ తెలియలేదు. అలాంటి పేపర్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకోవడానికి అప్పట్లో 45 డాలర్లు అయ్యేది, అంటే లైబీరియా డాక్టరుకు సగం వారం జీతం. ఈ ఉదాహరణ ప్రచురణకర్తల కరపత్రాల్లో కనిపించదు.

విమర్శలు ముదిరాక ప్రచురణకర్తలు మనసు మార్చుకుని, చదివేవాడికి ఉచితమన్నారు. బిల్లు రాసేవాడి పేర వేశారు. ‘నేచర్’లో ఒక పేపర్ అందరికీ తెరిచి ఉంచాలంటే రుసుము 9,500 యూరోలని 2020లో ప్రకటించారు. ఆ రుసుమూ పరిశోధన నిధుల్లోంచే, అంటే మళ్లీ పన్నులోంచే. ఇక చందా లేకుండా పాఠకుడికి ఇవ్వనిది యంత్రాలకు ఇవ్వడంలో ఇబ్బంది లేదు. టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే ప్రచురణ సంస్థకు మాతృసంస్థ అయిన ఇన్‌ఫార్మా కృత్రిమ మేధ అవసరాల కోసం తన భాండాగారాన్ని మైక్రోసాఫ్ట్‌కు తెరుస్తున్నట్లు 2024లో ప్రకటించింది. తొలి చెల్లింపు కోటి డాలర్ల పైమాటే. తమను అడగలేదని రచయితలు వాపోయారు. కాపీరైట్ రాసిచ్చినవారిని మళ్లీ అడగడం ఒప్పందాల్లో సాధారణంగా ఉండదు.

భారతదేశం దీనికి తనదైన పరిష్కారం కనుక్కుంది. తమ నిధులతో వచ్చిన పేపర్లను అందరికీ తెరిచి ఉంచాలని కేంద్ర జీవసాంకేతిక, శాస్త్ర సాంకేతిక శాఖలు 2014 డిసెంబరులో విధానం ప్రకటించాయి. దాదాపు పదేళ్లు గడిచాక, 2024 నవంబరులో, 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు మూడేళ్ల చందాగా సుమారు 6,000 కోట్ల రూపాయలు చెల్లించే ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ పథకం కింద అందే సుమారు 13,000 జర్నళ్లలో భారతీయుల పన్నుతో తయారైన పేపర్లూ ఉన్నాయి. పుట్టింటి సరుకును గుమ్మం దగ్గరే కొనుక్కోవడం వల్ల కనీసం రవాణా ఖర్చు మిగిలింది. శ్రీకాకుళం ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి దీనివల్ల నిజంగానే మేలు జరుగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే తొలి దశ ప్రభుత్వ సంస్థలకే. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు అత్యధికంగా ఉన్నది ప్రైవేటు కళాశాలల్లో. సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టరు, బడి పంతులు, రైతు ‘ఒకే దేశం’లోకి వస్తారు గానీ ‘ఒకే చందా’లోకి రారు. పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ వెబ్‌సైట్‌ను ఇంతకాలం ఇలాంటివాళ్లు దొడ్డిదారిన వాడుకున్నారు; ప్రచురణకర్తల దావా మీద, దాన్ని దేశంలో తెరుచుకోకుండా అడ్డుకోమని 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది.

వీళ్లకు మిగిలిన చట్టబద్ధమైన దారుల్లో చవకైనది పేపర్ రాసినవారికే ఈమెయిల్ పెట్టడం. రచయితలు మామూలుగా కాదనరు. తమ పేపర్‌ను ఒకరు చదవాలనుకుంటున్నారని తెలిసిన సంతోషంలో, అడగని పాత పేపర్లు కూడా జతచేసి పంపేవాళ్లున్నారు.